పూజలో కూర్చున్న గడ్డం మిషను

ఆ రోజుల్లో, చిక్కడపల్లిలోని మా ఇంట్లో, ఎవరి మొహం మీద వాళ్ళకు హక్కు ఉండేది కాదు. హక్కంతా గోడ మీది క్యాలెండరుదే. మంగళవారం గడ్డం గీసుకోకూడదు. శుక్రవారం లక్ష్మీదేవి రోజు. శనివారం సంగతి అడగనే అక్కర్లేదు. అమావాస్య, పౌర్ణమి, ఏకాదశి, గ్రహణం, ఇంట్లో ఏ మగవాడిదైనా జన్మనక్షత్రం (మనదే కానక్కర్లేదు), ఎవరైనా ఊరికి బయల్దేరిన రోజు, పండుగ, పండుగ ముందు రోజు, ఇవన్నీ తీసేయగా మిగిలిన పూట మా బాపు తువ్వాలు భుజాన వేసుకుని సెలూన్‌కు వెళ్ళి, నున్నగా తయారై వచ్చేవాడు. ఆయనకు అది చాలేది. ఆయన సర్కారు ఆఫీసులో గుమాస్తా. అక్కడ గడ్డం పెరిగినా తరిగినా ఫైలు కదిలే వేగం ఒకటే. నాకు చాలేది కాదు. ఎందుకు చాలేది కాదో చెప్పే ముందు ఒక మాట: ఇది లెంపలు వేసుకునే కథ కాదు. పెద్దల మాట విననందుకు చివర్లో బుద్ధి తెచ్చుకుంటానేమోనని ఎదురుచూసేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. అప్పుడూ నేనన్నదే రైటు, ఇప్పుడూ నేనన్నదే రైటు.

డిగ్రీ అయిపోగానే బాపు నన్ను అశోక్‌నగర్‌లో కోచింగ్‌కు పంపాలనుకున్నాడు. అశోక్‌నగర్ మాకు నడిచిపోయేంత దూరం. ఆ సందుల నిండా గవర్నమెంటు ఉద్యోగం కోసం చదివే పిల్లలే. ఇరుకు గదుల్లో కిరాయికుండి, లావుపాటి పుస్తకాలు సంకలో పెట్టుకుని, నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందా అని చాయ్ బండ్ల దగ్గర తర్జనభర్జన పడుతూ ఉంటారు. వాళ్ళంటే నాకు చులకన లేదు. కానీ ఆ గుంపులోకి వెళ్ళినవాడు ఎప్పుడు బయటికొస్తాడో వాడికే తెలియదు. నేను ససేమిరా అన్నాను. బాపుతో చెప్పకుండా నారాయణగూడలో, చౌరస్తా పక్క గల్లీలో ఉన్న ఒక హోటల్లో (ఇడ్లీ సాంబారు హోటల్ కాదు, గదులు అద్దెకిచ్చే హోటల్) రిసెప్షన్ ట్రైనీగా చేరిపోయాను. తెలిశాక బాపు మూడు పూటలు నాతో మాట్లాడలేదు. నాలుగో పూట అన్నం దగ్గర కూర్చుని, ‘‘హోటల్ల నిలబడి నమస్తే పెట్టుడు గూడ నౌకరేనా?’’ అన్నాడు. ఆఖరికి మా నాయనమ్మ మధ్యలో పడి రాజీ కుదిర్చింది. దసరా నాటికి ఆ ఉద్యోగం పర్మనెంటు అయితే సరే, కాకపోతే నోరు మూసుకుని అశోక్‌నగర్ వెళ్ళి కోచింగ్‌లో కూర్చోవాలి. నేను సై అన్నాను.

అయితే ఆ హోటల్లో ఒక మేనేజర్ ఉండేవాడు. మేమంతా ఆయన్ని కార్డు సార్ అనేవాళ్ళం. పొద్దున్నే డ్యూటీకి రాగానే మమ్మల్ని వరసగా నిలబెట్టి, హోటల్ విజిటింగ్ కార్డు ఒకటి తీసి, దాని అంచుతో మా చెంపల మీద పైనుంచి కిందికి గీసేవాడు. చప్పుడు రాకపోతే పాస్. గర్రుమంటే ఆ పూట జీతం కట్, ఇంటికి పో. ‘‘గెస్టు మొదలు చూసేది మన మొఖం. మంగళవారం, శుక్రవారం అని గడ్డం పెరుగుడు ఆపుతదా?’’ అనేవాడు. నిజం చెప్పాలంటే ఆ ముక్క నాకు నచ్చింది. కార్డే నచ్చలేదు. మనిషి చెంప మీద అట్టముక్కతో గీకడమేమిటి, అదేమన్నా మాడిన గిన్నెనా? కానీ ట్రైనీని. పళ్ళు బిగించి నిలబడేవాణ్ణి.

ఇంకో చిక్కు ఏమిటంటే నాకు బ్లేడు పడదు. సెలూన్‌లో గీసినా, ఇంట్లో గీసుకున్నా, సాయంత్రానికల్లా మెడంతా ఎర్రటి దద్దుర్లు లేచేవి. ఒకరోజు గీసుకుంటే నాలుగు రోజులు కాలర్ తగిలినా ప్రాణం పోయేది. ఇంట్లో క్యాలెండరు వద్దంటోంది, హోటల్లో కార్డు కావాలంటోంది, తోలు అసలే ఒప్పుకోనంటోంది. అట్లా పరేషాన్‌లో తిరుగుతున్న రోజుల్లో, అశోక్‌నగర్‌లో హాస్టల్ పిల్లల కోసం బకెట్లు, మగ్గులు, ఎక్స్‌టెన్షన్ బాక్సులు పెట్టి అమ్మే బండి మీద దాన్ని చూశాను. నల్లగా, గుప్పెట్లో పట్టేంత ఉంది. తల మీద మూడు గుండ్రటి జాలీలు, వాటి లోపల తిరిగే చిన్న చిన్న చక్రాలు. కంపెనీ పేరు నేను ఎన్నడూ విననిది. పెద్ద కంపెనీవాటికీ దీనికీ ధరలో ఎంత తేడా ఉందంటే, బండివాణ్ణి రెండుసార్లు అడిగి ఖాయం చేసుకున్నాను. ‘‘దీని బ్లేడ్లు అరిగిపోతే మల్ల దొరుకుతయా అన్నా?’’ అంటే, వాడు తడుముకోకుండా, ‘‘అవి అరిగేలోపల నీకు సర్కారు నౌకరి వస్తది తియ్యన్నా’’ అన్నాడు. అక్కడికొచ్చే ప్రతివాడికీ ఆ మాటే చెబుతాడని తర్వాత తెలిసింది.

మొదటి మంగళవారమే ఇంట్లో పంచాయితీ అయింది. నేను అద్దం ముందు నిలబడి మిషను ఆన్ చేయగానే, ఆ రొదకు బాపు పేపరు పక్కన పడేసి వచ్చాడు.

‘‘ఏంది రా, మంగళారం పూట మొఖానికి కత్తి పెడ్తున్నవా?’’

‘‘కత్తి ఏడుంది బాపు? మిషిన్ ఇది. చూడు, మీద జాలి ఉన్నది. మొఖానికి తగిలేది జాలి ఒక్కటే.’’

‘‘వెంట్రుక తెగుతదా లేదా?’’

‘‘మిక్సీల మిరపకాయ గూడ తెగుతది. మంగళారం అమ్మ పచ్చడి చేస్తలేదా?’’

బాపు నాయనమ్మ మంచం వైపు తిరిగాడు. మా ఇంట్లో ఆచారాల విషయంలో హైకోర్టు నాయనమ్మ. ఆమె మంచం మీద నుంచే చెయ్యి చాపి, ‘‘ఏదీ, నా చెయ్యి మీద పెట్టు’’ అంది. నేను గుండె చిక్కబట్టుకుని ఆమె ముంజేతి మీద మెల్లగా తిప్పాను. ముడతలు పడిన ఆ చేతి మీద అది గుర్రుగుర్రుమని తిరుగుతుంటే ఆమె చిన్నపిల్లలా కిసుక్కున నవ్వింది. ‘‘ఓయమ్మ, గిలిగింతలైతున్నయ్ రా’’ అంది. తర్వాత కళ్ళద్దాలు పెట్టుకుని చెయ్యంతా వెతికి, తీర్పు చెప్పింది: ‘‘నెత్తురు రాలే, గీత పడలే. కత్తి కాదు, మిషినే. చేస్కోని.’’ బాపు తల్లి మాట జవదాటేవాడు కాదు. కానీ వెళ్ళేటప్పుడు నా వైపు చూసిన చూపు మాత్రం, ఈ ఫైలు ఇంకా మూయలేదు అన్నట్టే ఉంది.

గెలిచాను సరే, ఆ మిషనుతో కాపురం చేయడం మాటలు కాదు. బ్లేడులా ఒక్క గీతలో పని తేలదు. పొడి చెంప మీద చిన్న చిన్న సున్నాలు చుడుతూ పోవాలి. చుట్టిన చోటే మళ్ళీ చుట్టాలి. దవడ కింద వెంట్రుకలు పడుకుని ఉంటాయి, చక్రానికి దొరకవు. తోలు లాగిపట్టి, తల వెనక్కి వంచి, కప్పు వైపు చూస్తూ తిప్పాలి. మొదటి రెండు వారాలు చెంపలు మండాయి. నేను మానలేదు. నా మొహం దానికి అలవాటు పడిందో, అదే నా మొహానికి అలవాటు పడిందో, మూడో వారానికి దారిన పడ్డాం. ‘‘గంట సంది గిర్రగిర్ర తిప్పుతున్నవ్. మా సెలూనాయన అయితే గీ సేపట్ల ఒక బారాత్‌కు సరిపడ గడ్డాలు గీస్తడు’’ అని బాపు అటూ ఇటూ తిరుగుతూ వినిపించేవాడు. నేను వినపడనట్టు ఇంకో సున్నా చుట్టేవాణ్ణి.

ఇక శుభ్రం చేయడం ఒక వ్రతం. నీళ్ళు తగలకూడదు. బటన్ నొక్కితే తల తెరుచుకుంటుంది, దాంతో వచ్చిన బుల్లి బ్రష్‌తో లోపల బూడిదలా పేరుకున్న వెంట్రుకల పొడి దులపాలి. బాల్కనీలో దులిపితే గాలికి అది తిరిగి ఇంట్లోకే వచ్చేది. ‘‘అన్నంల పడ్తది, అవుతల దులుపు’’ అని అమ్మ గరిట పట్టుకుని వచ్చేది. వారానికోసారి మూడు చక్రాలనూ, మూడు జాలీలనూ విడదీసి తుడవాలి. ఏ చక్రం ఏ జాలీలో అరిగిందో దాన్ని అందులోనే పెట్టాలి. ఒకసారి దులుపుతుంటే తుమ్మొచ్చింది, మూడు జతలూ కలిసిపోయాయి. ఆ తర్వాత వాటి జతలు కుదిరేదాకా అది గడ్డం గీయలేదు, పీకింది. ఇంకోసారి వారం రోజులు జ్వరంతో పడుకుని, లేచి, పెరిగిన గడ్డం మీద అట్లాగే పెట్టాను. పొడుగు వెంట్రుకలను లోపలికి చుట్టుకుని, కుయ్యిమని ఆగిపోయి, నా దవడకు వేలాడింది. కళ్ళ నీళ్ళు పెట్టుకుంటూ ముక్కముక్కగా విప్పుకుని బయటపడ్డాను. (ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే బాపు పండుగ చేసుకునేవాడు.) ఈ కష్టాలన్నీ చూసి ఒక్కొక్కరూ పారేయమన్నారు. నేను ఒక్కటే అన్నాను: మిషను నాది, మొహం నాది, మధ్యలో మీకేంది?

అట్లా ఆరు నెలలు గడిచి దసరా వచ్చింది. ఆ ఏడు దసరా మంగళవారం పడింది. కార్డు సార్ ముందే చెప్పాడు, ఆ పొద్దున హోటల్లో పూజకు పెద్ద సార్, అంటే హోటల్ ఓనరు, వస్తాడని, ఏ ట్రైనీని ఉంచాలో ఏ ట్రైనీని పంపాలో అప్పుడే తేల్చేస్తాడని. ‘‘ఆ రోజు ఒక్క వెంట్రుక కనబడ్డా నేను నీ గురించి ఒక్క మాట గూడ చెప్ప’’ అన్నాడు. సరే అనుకున్నాను. సోమవారం సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి, మిషను చార్జింగ్‌లో పెడదామని చూస్తే అది అద్దం దగ్గర లేదు.

ఎక్కడుందంటే, పూజగదిలో ఉంది. ఆ రోజు నవమి, మా ఇంట్లో ఆయుధపూజ. ఇంట్లో ఉన్న పనిముట్లన్నీ దేవుని ముందు పెట్టి, పసుపు కుంకుమ బొట్లు పెట్టి మొక్కుతారు. మర్నాడు సాయంత్రం జమ్మి చెట్టుకు మొక్కి, ఆకు ఇంటికి తెచ్చేదాకా వాటిని ముట్టకూడదు. ఎర్ర గుడ్డ మీద బాపు స్కూటర్ తాళంచెవి, స్క్రూడ్రైవర్, పట్టకారు, కత్తిపీట, నాయనమ్మ అడకత్తెర, ఒక మూల బంతిపూల కింద నుంచి కనబడుతున్న మిక్సీ మూత. అన్నిటికీ ముందు, నడిమధ్యలో, నా గడ్డం మిషను. మూడు జాలీల మీద మూడు తడి పసుపు ముద్దలు, ఒక్కో ముద్ద మీద ఒక్కో కుంకుమ బొట్టు, పైన ఒక బంతిపువ్వు. బాపు పక్కనే పీట మీద కూర్చుని పరమ శాంతంగా ఒత్తులు చేస్తున్నాడు.

‘‘బాపు, రేపు పొద్దున నాకది కావాలె.’’

‘‘ఎట్ల ఇస్తరు రా? జమ్మి తెచ్చేదాంక పూజల పెట్టినవి ముట్టొద్దని ఎరుక లేదా?’’

‘‘అది పనిముట్టు కాదు.’’

‘‘మరేంది? మిషిన్ అని నువ్వే అన్నవ్. మీ నాయనమ్మతోని ఒప్పిచ్చినవ్. మిషిన్లన్నీ పూజకే.’’

‘‘అయితే కత్తే అనుకో!’’

బాపు ఒత్తి పక్కన పెట్టి, ఎంతో జాలిగా నా వైపు చూశాడు. ‘‘కత్తా? రేపు మంగళారం కద బిడ్డా. కత్తి ముట్టుడే లేదు’’ అన్నాడు.

ముప్ఫై ఏళ్ళ నౌకరీలో ఆయన ఏ ఫైలునూ అంత అందంగా మూసి ఉండడు. మిషను అంటే పూజలో ఉంది. కత్తి అంటే మంగళవారం. ఎటు తిరిగినా నా గడ్డం నా మొహం మీదే ఉంటుంది, ఉద్యోగం పోతుంది, అశోక్‌నగర్‌లో నా పేరు మీద ఒక బెంచీ సిద్ధమవుతుంది. సెలూన్‌కు పోదామంటే మంగళవారం ఊళ్ళో సెలూన్లన్నీ బంద్. సోమవారం రాత్రే బ్లేడుతో గీసుకుంటే పొద్దున్నకు మెడంతా దద్దుర్లు. నాకు బాపు మీద ఎంత కోపమొచ్చిందంటే, ఆ రాత్రి అన్నం తినలేదు. (అమ్మ చేసిన పులిహోర తిన్నాను. అది ప్రసాదం, లెక్కలోకి రాదు.)

దసరా పొద్దున లేచి తలస్నానం చేసి, పూజగది గుమ్మంలో నిలబడ్డాను. దొంగతనంగా తీసుకోవడం నా వంటికి సరిపడదు. తీసుకుంటే అందరి ముందే తీసుకోవాలి. నాయనమ్మ లోపల తులసిమాల తిప్పుతోంది. బాపు కొత్త చొక్కా వేసుకుని కాపలా ఉన్నట్టే కుర్చీ వేసుకున్నాడు. నేను గొంతు సవరించుకుని, ‘‘నాయనమ్మా, ఇయ్యాల నా నౌకరి పోతది. నేను మిషిన్ తీస్కుంటున్న. పాపమైతే నాకే కానీ’’ అన్నాను. నాయనమ్మ మాల ఆపింది. బాపు లేచాడు. సరిగ్గా అప్పుడు వంటింట్లోంచి ‘గుర్ర్‌ర్’ మని పెద్ద చప్పుడు వచ్చింది.

మా అందరికీ ఆ చప్పుడు తెలుసు. అది మిక్సీ.

‘‘అదేందే!’’ అని బాపు వంటింటి వైపు ఉరికాడు. ‘‘మిక్సీ పూజల ఉన్నది కద?’’

అమ్మ మిక్సీ ఆపి, నింపాదిగా బయటికొచ్చింది. చేతులకు మినప్పిండి ఉంది. ‘‘మూత పెట్టిన పూజల. మిక్సీ పెట్టలే. ప్రతి ఏడు గంతే చేస్త. మిక్సీ గూడ పూజల పెడితే గారెలకు మీరు రుబ్బుతరా?’’

బాపుకు గారెలంటే ప్రాణం. ఏటా దసరా నాడు ఆయన తిన్న గారెలన్నీ మూత పుణ్యమేనని ఆ క్షణంలో తెలిసింది. ఆయన పిండి వంక ఒకసారి చూసి, వెనక్కొచ్చి కుర్చీలో కూర్చున్నాడు. నేను ఆ సందు వదులుకుంటానా? ‘‘నాయనమ్మా, నా మిషిన్‌కు గూడ ప్లాస్టిక్ మూత ఉన్నది!’’ అన్నాను. నాయనమ్మ కోడలి వైపు కాసేపు గుర్రుగా చూసింది. తర్వాత ఆమెకే నవ్వొచ్చింది. ‘‘ఇన్నేండ్ల సంది మూతకే మొక్కిపిస్తున్నవా నాతోని? సరే, మూత పెట్టి మిషిన్ తీస్కో. అమ్మవారికి నేను చెప్పుకుంట’’ అని, తన చేత్తోనే మిషను తీసి నా చేతిలో పెట్టింది.

టైము లేదు. పసుపు ఆరిపోయి జాలీల కన్నాల్లో గట్టిపడి ఉంది. బ్రష్‌తో, అగ్గిపుల్లతో, ఆఖరికి ఊదుతూ, మూడు జతలూ కలవకుండా తుడిచాను. అయినా లోపల ఎంతో మిగిలి ఉంది. ఆన్ చేసి చెంప మీద తిప్పుతుంటే అది తిరిగిన చోటల్లా పసుపు రాస్తూ పోయింది. సబ్బుతో కడిగినా పోలేదు. నన్ను అప్పుడే పెళ్ళి పీటల మీద నుంచి లేపుకొచ్చినట్టు ఉంది. అంతలో చార్జింగ్ అయిపోయి, మెడ కింద మొదలుపెట్టగానే మూలిగి ఆగిపోయింది. రాత్రంతా పూజలో కూర్చుంటే చార్జింగ్ ఎట్లా ఉంటుంది? మిషనునూ వైరునూ సంచిలో వేసుకుని, హోటల్లో ప్లగ్గు దొరక్కపోతుందా అని ఉరికాను.

కౌంటర్ వెనక గదిలో అది కాసేపు చార్జ్ అయిందో లేదో, కార్డు సార్ వచ్చేశాడు. చెంప మీద కార్డు గీశాడు. చప్పుడు రాలేదు కానీ కార్డు పచ్చగా అయింది. ఆయన కార్డునూ నన్నూ మార్చి మార్చి చూశాడు. మెడ కింద గీశాడు. గర్రుమంది. ‘‘అరె, ఇయ్యాల్నే దొరికిందా నీకు!’’ అని తల పట్టుకునేలోపలే బయట కారు ఆగింది. పెద్ద సార్ దిగాడు. మా అందరి నోళ్ళూ తెరుచుకుపోయాయి. ఆయన మొహం నిండా నవరాత్రులంతా పెరిగిన గడ్డం. దీక్ష తీసుకున్నాడట. కార్డు సార్ ఆ కార్డును గబుక్కున జేబులో దాచేసుకున్నాడు.

పూజ అయ్యాక పెద్ద సార్ కౌంటర్ దగ్గరికొచ్చి నన్ను చూసి, ‘‘ఏం తమ్మీ, ఇయ్యాల నీ పెండ్లా?’’ అన్నాడు. నేను ఏదీ దాచకుండా చెప్పేశాను. మంగళవారం, మిషను, నాయనమ్మ తీర్పు, ఆయుధపూజ, మిక్సీ మూత, అన్నీ. ఆయన గడ్డం గోక్కుంటూ ఎంతో శ్రద్ధగా విన్నాడు. గోక్కునే తీరు చూస్తేనే తెలుస్తోంది, ప్రాణం మీదికొచ్చిందని. ‘‘అంటే గది కత్తి కాదంటవ్?’’ ‘‘కాదు సార్.’’ ‘‘మీ నాయనమ్మ ఒప్పుకున్నది?’’ ‘‘ఒప్పుకున్నది సార్.’’ ‘‘నా దీక్ష గూడ పొద్దుగాలనే అయిపాయె. సెలూన్లు బంద్ ఉన్నయ్. ఏదీ, జర ఇయ్యి.’’

‘‘వద్దు సార్. ఇది పొట్టి గడ్డానికే. పొడుగుది ముందు కత్తెరతోని తియ్యాలె. లేకుంటె ఇరుక్కుంటది.’’

‘‘ఇయ్యవయ్యా, నాకు తెల్వదా?’’

వెనక నుంచి కార్డు సార్ నా వీపు మీద పొడిచాడు. ఇచ్చాను. పెద్ద సార్ ఆన్ చేసి, చెంప మీద గట్టిగా అదిమాడు. అది ఒక్కసారి గుర్రుమని, కుయ్యిమని, ఆగిపోయింది. ఆయన చెయ్యి వదిలేశాడు. అది కింద పడలేదు. ఆయన గడ్డానికే పట్టుకుని వేలాడింది. ‘‘అమ్మో! సచ్చిన్రో!’’ అని ఆయన పెట్టిన కేకకు పై గదుల్లోంచి గెస్టులు తొంగిచూశారు. కార్డు సార్ ఉరికొచ్చి దాన్ని పట్టి గుంజాడు. ఇంకో పెద్ద కేక.

అప్పుడు నాకు ఏమైందో తెలియదు. ‘‘ముట్టకుండ్రి!’’ అని కార్డు సార్ మీద అరిచాను. పెద్ద సార్‌ను కుర్చీలో కూర్చోబెట్టి, ‘‘సార్, మీరు మాట్లాడకుండ్రి. దవడ కదుల్తె ఇంకా గుంజుతది. గోడ దిక్కు చూడుండ్రి’’ అన్నాను. హోటలంతా ఎవరిదో ఆయన, నోరు మూసుకుని గోడ దిక్కు చూశాడు. నేను బటన్ నొక్కి తల తెరిచి, జాలీ ఒక్కొక్కటే విడదీసి, చక్రాలను గోటితో వెనక్కి తిప్పుతూ, వెంట్రుక వెంట్రుకా విప్పాను. మిషను ముక్కలుముక్కలుగా నా చేతిలోకొచ్చింది. ఆయన చెంప మీద పసుపు, కుంకుమ, మధ్యలో చిన్న బోసి మచ్చ.

పెద్ద సార్ చెంప తడుముకుంటూ నా వైపు తిరిగాడు. ‘‘వద్దని చెప్పినవ్ కద నువ్వు?’’

‘‘చెప్పిన సార్.’’

‘‘మల్ల ఎందుకిచ్చినవ్?’’

‘‘మీరు పెద్ద సార్ కద.’’

‘‘గిదే తప్పు. రిసెప్షన్ల నిలబడేటోడు లేదంటె లేదు అనాలె. రూములు నిండినంక ఎంత పెద్దోడొచ్చినా ఇట్లనే ఇస్తవా?’’ అన్నాడు. ఇంట్లో ఎవరి మాటా విననివాణ్ణి, ఒక్కసారి, ఒకే ఒక్కసారి విన్నాను. అదే నా కొంప ముంచింది. అదే అదనని కార్డు సార్ ముందుకొచ్చి, ‘‘వీడు మొదటి సంది ఇంతే సార్. మెడ కింద గడ్డం గూడ అట్లనే ఉన్నది, మీరే వినుండ్రి’’ అంటూ జేబులోంచి పచ్చటి కార్డు తీసి నా మెడ దాకా తెచ్చాడు.

నేను ఆయన చెయ్యి పట్టుకుని ఆపేశాను. ‘‘లేదు సార్. ఇంకోసారి నా మొఖం మీద కార్డు పెట్టనియ్య. గడ్డం లేకుంట వస్త, అది నా డ్యూటీ. గీకిచ్చుకునుడు నా డ్యూటీ కాదు. పంపిస్తరా, పంపియ్యుండ్రి.’’

గొంతు వణికింది. నిజమే, వణికింది. కానీ చెయ్యి వదల్లేదు. పెద్ద సార్ లేచి, కార్డు సార్ చేతిలోంచి ఆ కార్డు తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, తన జేబులో వేసుకున్నాడు. ‘‘గీ కార్డు గెస్టులకు ఇయ్యనీకె అచ్చేయించిన. చెంపలు గీకనీకె కాదు’’ అన్నాడు మెల్లగా. తర్వాత నా వైపు తిరిగి, ‘‘ఇప్పుడన్నవ్ చూడు లేదని, గట్లనే అనాలె. వీనికి పర్మనెంట్ కాగితం రాయుండ్రి’’ అని, చెంపకు రుమాలు అడ్డం పెట్టుకుని కారెక్కాడు. అదంతా అమ్మవారి దయ అని నాయనమ్మ ఎప్పుడూ అనేది. ఉండవచ్చు. నా నోటి దయ కూడా కొంత ఉందని నేను ఎప్పుడూ అనేవాణ్ణి.

సాయంత్రం అందరితోపాటు జమ్మి చెట్టుకు మొక్కి వచ్చి, బాపు చేతిలో ఆకు పెట్టి కాళ్ళు మొక్కాను. పర్మనెంటు అయిన సంగతి అమ్మ ముందే చెప్పేసింది. బాపు ఆకు జేబులో పెట్టుకుని, నా గదవ పట్టి పైకెత్తి, వెలుతురుకు తిప్పి చూసి, ‘‘మెడ కింద గట్లనే వదిలేసి పోయినవా రా నౌకరికి?’’ అన్నాడు. ఆయన నా సంచి వెతికి మిషను ముక్కలు బయటికి తీశాడు. ఏ చక్రం ఏ జాలీదో నన్ను అడిగి అడిగి బిగించాడు. వైరు తగిలించి ప్లగ్గులో పెట్టి, లైటు వెలిగిందా లేదా అని వంగి చూశాడు. కోచింగ్ మాట మళ్ళీ మా ఇంట్లో వినపడలేదు.

ఇప్పుడు నేను ఇంకో హోటల్లో మేనేజర్‌ని. నా కింద పనిచేసే పిల్లలంతా గుబురు గడ్డాలు పెంచి, వాటికి నూనె రాసి, దువ్వుకుని వస్తారు. అదే ఫ్యాషన్ అంటారు, నేను సరే అంటాను. పైవాళ్ళు పండుగ నాడు కూడా రమ్మంటే సరే అంటాను. అపార్ట్‌మెంట్ మీటింగ్‌లో ఏం తీర్మానం చేసినా సరే అంటాను. మా అమ్మాయి ఫోన్ కొనమంటే ముందు కాదని, అరగంటకు సరే అంటాను. ఒక్కోసారి కౌంటర్ దగ్గర నిలబడి ఉన్నప్పుడు, పసుపు మొహంతో, వణుకుతున్న గొంతుతో, మేనేజర్ చెయ్యి పట్టుకుని ఆపిన ఆ బక్క పిల్లవాడు ఎదురుగా వచ్చి నిలబడినట్టు అనిపిస్తుంది. ‘‘ఏం సార్, మీకు లేదు అనుడు రాదా?’’ అని అడుగుతున్నట్టే ఉంటుంది. వచ్చు నాయనా, బ్రహ్మాండంగా వచ్చు, నీ దగ్గరే నేర్చుకున్నాను. కాస్త ఆగు, పైనుంచి ఫోనొస్తోంది, దీనికి మాత్రం సరే అనేసి వస్తాను.